కడుపుతో ఉన్నప్పుడు షుగర్, థైరాయిడ్: విశాఖలో నా అనుభవం

2024 జులై ఆఖర్లో నెల తప్పిందని తెలిసింది. బాబు 2025 మార్చి 11న పుట్టాడు. ఈ మధ్యలో థైరాయిడ్ మాత్ర, గర్భధారణ షుగర్, రాత్రిపూట ఇన్సులిన్, అన్నీ చూశాను. రిపోర్టు చేతికి వచ్చిన రోజు నాకు కావలసింది ఒక్కటే, ఇదే దారిలో వెళ్లొచ్చిన ఆడవాళ్లెవరైనా కూర్చోబెట్టి ఏ వారంలో ఏం జరుగుతుందో చెప్పడం. అలా చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను. ఇక్కడ రాసిన మందులు, డోసులు నాకు రాసినవి. మీవి మీ డాక్టరు చెప్పాలి.

మేముండేది ఎంవీపీ కాలనీలో, అత్తగారు మామగార్లతో కలిసి. మా పుట్టిల్లు ఆమదాలవలస వైపు. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలని అమ్మకు ఉన్నా, ఇన్ని పరీక్షలు ఉండటంతో తనే ఇక్కడికి వచ్చి ఉంది.

ఆగస్టు 5న మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అప్పటికి ఎనిమిది వారాలు. రక్తం, మూత్రం పరీక్షలతో పాటు షుగర్, థైరాయిడ్ కూడా రాశారు. షుగర్ 118 వచ్చింది, ఇబ్బంది లేదన్నారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే హార్మోను) మాత్రం 5.8, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. మాత్ర రాశారు. నాకు ఒళ్లు బరువు లేదు, జుట్టు ఊడటం లేదు, ఏ లక్షణమూ లేదు. మరి మాత్ర ఎందుకని అడిగాను. బిడ్డ సొంత థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేది సుమారు 12వ వారంలో, అప్పటిదాకా మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను తల్లి రక్తం నుంచే వెళ్లాలి అన్నారు డాక్టరమ్మ. ఆ మాట విన్నాక ఇంక ప్రశ్న లేదు. ఆ సాయంత్రమే 50 మైక్రోగ్రాముల మాత్రలు కొన్నాం.

మాత్ర చిన్నదే, దాని చుట్టూ టైమ్ సర్దుకోవడమే కష్టం. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు దీని పక్కన పడితే ఇది ఒంటికి పట్టదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్, కాల్షియం ఒకదానితో ఒకటి కూడా కలిపి వేసుకోకూడదు. పైగా టీ తాగితే ఐరన్ సరిగ్గా పట్టదు. ఈ సంగతులు చీటీ మీద ఎవరూ రాయలేదు, మందుల షాపులో పెద్దాయన చెప్పారు. చివరికి ఇలా కుదిరింది: పొద్దున్న 6కి థైరాయిడ్, 11 గంటలకు ఆఫీసులో నిమ్మరసం నీళ్లతో ఐరన్, రాత్రి భోజనంతో కాల్షియం. నాలుగు వారాల తర్వాత టీఎస్‌హెచ్ 2.1కి దిగింది. ఈ పరీక్షకు మా ల్యాబ్‌లో అప్పట్లో 300 రూపాయలు. మళ్లీ మళ్లీ చేయించాలి కాబట్టి ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు వాంతులతోనే గడిచాయి. చారన్నం, మజ్జిగ తప్ప ఏదీ లోపల నిలిచేది కాదు.

నవంబరు 27న, 24 వారాలు దాటాక, మళ్లీ షుగర్ పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజ్ పొడి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇచ్చారు, ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. రెండు గంటలు అక్కడే కుర్చీలో కూర్చుంటే అప్పుడు రక్తం తీస్తారు. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఇంకో రోజు మళ్లీ చేయాలని ల్యాబ్ అమ్మాయి ముందే చెప్పింది. ఆ భయంతో కళ్లు మూసుకుని, ఫ్యాన్ కింద కదలకుండా కూర్చున్నాను. ఖర్చు 150 రూపాయలు. సాయంత్రానికి ఫోనుకి రిపోర్టు వచ్చింది: 162. రెండు గంటల తర్వాత 140 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గర్భధారణ షుగర్ అంటారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆగస్టులో బాగానే ఉంది కదా, మూడు నెలల్లో ఏమైంది? మర్నాటి నుంచి తెలిసినవాళ్లు అందరిదీ ఒకటే మాట, స్వీట్లు బాగా తిన్నావా అని. వాంతులతో ఉన్నదాన్ని స్వీట్లు ఏం తింటాను? అయినా ఆ మాట గుచ్చుకునేది. నా కడుపులో బిడ్డకి నేనే ఏదో చేశాననిపించి బాత్రూమ్‌లో ఏడ్చాను.

ఆ బరువు దింపింది మా ఆసుపత్రి డైటీషియన్ గారు. కన్సల్టేషన్ 500 రూపాయలు, కానీ ఆవిడ ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడారు. మాయ, అదే ప్లాసెంటా, బిడ్డకి తిండి అందేలా కొన్ని హార్మోన్లు విడుదల చేస్తుందట. అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగ్గా పని చేయనివ్వవు. మాయ పెరిగేకొద్దీ ఆ హార్మోన్లూ పెరుగుతాయి కాబట్టి ఆరో నెల దాటాక ఇది బయటపడుతుంది. చాలామంది తల్లుల ఒళ్లు అదనంగా ఇన్సులిన్ తయారు చేసుకుని నెట్టుకొస్తుంది, కొందరిలో అది చాలదు. "మీరు తిన్న లడ్డూ వల్ల రాలేదమ్మా ఇది. కానీ ఇక నుంచి మీరేం తింటారన్నది మాత్రం బిడ్డకి తెలుస్తుంది" అన్నారు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ వెళ్లదు. వచ్చిన చక్కెరకి బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. దానితో ఒళ్లు చేస్తుంది, కాన్పు కష్టమవుతుంది. పుట్టి పేగు కోశాక చక్కెర రావడం ఆగిపోయినా బిడ్డ ఒంట్లో ఆ ఇన్సులిన్ అలాగే ఉండి షుగర్ పడిపోతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మాకు మార్చిలో అక్షరాలా అదే జరిగింది.

గ్లూకోమీటరు 900, యాభై స్ట్రిప్పుల డబ్బా దాదాపు వెయ్యి. రోజుకి నాలుగుసార్లు పొడుచుకోవాలి: పరగడుపున ఒకసారి, టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం తర్వాత రెండు గంటలకు ఒక్కోసారి. పరగడుపున 95 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఆ రెండు గంటలు చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్క. వేలి కొసన కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. ఇంకో విషయం, ఒకరోజు 171 చూపించి గుండె ఆగినంత పనైంది. అంతకుముందే అత్తగారి కోసం కమలాపండు వలిచాను. సబ్బుతో చెయ్యి కడిగి, తుడుచుకుని మళ్లీ చూస్తే 113. వేలికి అంటిన పండు రసం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇక తిండి. అసలు కథంతా ఇక్కడే ఉంది, దీని గురించి ఎంతైనా రాయగలను.

అందరూ మధ్యాహ్నం అన్నం గురించి భయపెడతారు గానీ, నన్ను ఏడిపించింది పొద్దుటి టిఫిను. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అదే తిండి పొద్దున్న తింటే ఎక్కువ పెరుగుతుందట. మూడు ఇడ్లీలకి 156. ఇంట్లో అందరూ చోడి (రాగి) అంబలి తాగమన్నారు, చోళ్లు షుగర్‌కి మంచివని. పల్చగా కాచిన అంబలికి 148 వచ్చింది. డైటీషియన్ గారిని అడిగితే, మెత్తటి పిండిని జావగా కాస్తే తాగిన వెంటనే అరిగిపోయి రక్తంలో కలుస్తుంది అన్నారు. అదే చోడి పిండితో మునగాకు, ఉల్లిపాయ వేసి రొట్టె కాల్చుకుని, పక్కన ఉడికించిన గుడ్డు తింటే 117. రెండు పెసరట్లు, బెల్లం వేయని అల్లం పచ్చడికి 112. ఆ తర్వాత వారంలో ఎక్కువ రోజులు పెసరట్టే.

మధ్యాహ్నం అన్నం మానలేదు. మానకూడదని కూడా చెప్పారు, పిండి పదార్థం బాగా తగ్గించేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) తయారవుతాయి, అవి బిడ్డకి మంచివి కావు. ఒక చిన్న గిన్నె పెట్టుకుని దానితోనే కొలిచి వడ్డించుకునేదాన్ని. ముందు తోటకూరో, బెండకాయ వేపుడో, పప్పో, చేప ముక్కో తిని, ఆఖర్న అన్నం. అదే కంచం, అదే కొలత, ముందు అన్నం కలుపుకుంటే 138, ఆఖర్న కలుపుకుంటే 116. నమ్మలేక ఇంకోసారి చేసి చూశాను, తేడా అలాగే వచ్చింది. తిన్నాక పదిహేను నిమిషాలు మేడ మీద, సాయంత్రాలు మా ఆయనతో అప్పూఘర్ వైపు నడక. ఆ నడకతో ఇంకో పదో పదిహేనో తగ్గేది.

అమ్మకి నా కంచం చూస్తే కడుపు తరుక్కుపోయేది. "ఏటే, ఈ మెతుకులు పిట్టకైనా సరిపోతాయా? ఇద్దరి తిండి తినాలి గానీ" అనేది. ఇద్దరి తిండి అంటే ఇద్దరి అన్నం కాదని తనకి నచ్చజెప్పడానికి మాటలు పనిచేయలేదు, మీటరు పనిచేసింది. ప్రతి రీడింగూ తనకే చూపించేదాన్ని. డిసెంబరు సగానికి వచ్చేసరికి అమ్మే గిన్నెతో కొలిచి పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద జాలారిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ దగ్గర కవళ్లు, కానాగంతలు తీసుకునేది. ఈ చిన్న చేపల్లో బిడ్డ మెదడుకి, కంటికి మేలు చేసే కొవ్వులు ఉంటాయి, ధర కూడా తక్కువ. పెద్ద చేపలు, ముఖ్యంగా సొర, వద్దన్నారు డాక్టరమ్మ, వాటిలో పాదరసం పేరుకుంటుంది కాబట్టి.

ధనుర్మాసం రాకముందే అయిపోవాలని డిసెంబరు 8, ఆదివారం సీమంతం పెట్టారు. గాజులు, పసుపు కుంకుమలతో పాటు ఒడి నిండా చలిమిడి. వచ్చిన ముత్తైదువులంతా నోట్లో పెట్టబోతారు, వద్దంటే నొచ్చుకుంటారు. అప్పుడు మా అత్తగారు అందరి ముందూ లేచి, "మా కోడలికి షుగర్ వచ్చింది. బిడ్డ కోసం పత్యం చేస్తోంది, అక్షింతలు వేసి దీవించండి చాలు" అన్నారు. ఆవిడ ఆ మాట అంత మామూలుగా అనేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదని దాచుకున్నది, ఆ రోజుతో దాచాల్సిన అవసరం లేకుండా పోయింది. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లినప్పుడు ప్రసాదం కళ్లకద్దుకుని చిటికెడు తిన్నాను, అంతే.

డిసెంబరు 11న రెండు వారాల రీడింగుల పుస్తకం పట్టుకుని వెళ్లాం. తిన్న తర్వాతివి బాగున్నాయి. పరగడుపువి మాత్రం 98, 101, 103. రాత్రి తిండి తగ్గించినా, ఆఖర్న గుప్పెడు వేరుసెనగ గుళ్లు తిని పడుకున్నా దిగలేదు. రాత్రంతా కాలేయం వదిలే చక్కెర అది, తిండితో దాన్ని పూర్తిగా ఆపలేం అన్నారు. రాత్రి పడుకునే ముందు 6 యూనిట్ల ఇన్సులిన్ రాశారు.

ఇంజెక్షన్ అనగానే ఇంట్లో గొడవ. ఒకసారి మొదలైతే జన్మంతా పొడుచుకోవాల్సిందేనని మామగారు, బిడ్డకేమైనా అవుతుందేమోనని అమ్మ. మళ్లీ వెళ్లి ఇద్దరినీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకి పోదు, మాయ బయటికి వచ్చాక చాలామందికి దీని అవసరమే ఉండదు అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. తొడకి పొడుచుకునేదాన్ని. సూది ఎంత సన్నగా ఉంటుందంటే వేలికి పొడుచుకునే దానికన్నా నొప్పి తక్కువ. మందు ఫ్రిజ్ తలుపులో పెట్టాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. వారం తిరిగేసరికి పరగడుపున 91, 88. థైరాయిడ్ మాత్ర కూడా అదే సమయంలో 62.5కి పెంచారు, నెలలు నిండేకొద్దీ అవసరం పెరుగుతుందని.

సంక్రాంతికి ఇల్లంతా అరిసెల వాసన. అనకాపల్లి బెల్లమే కదా, పంచదార కాదు కదా అన్నారు చుట్టాలు. మీటరుకి ఆ రెండింటికీ తేడా లేదు. సగం అరిసె తుంచి, అన్నం మానేసి తిన్నాను. జనవరి 20న, 32వ వారంలో స్కాను: బిడ్డ బరువు, పొట్ట చుట్టుకొలత, ఉమ్మనీరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ రిపోర్టు చూసి మా ఆయన స్కూటీ మీదే కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి కూడా అప్పుడు కడుపుతో ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచి ఉన్న కార్యక్రమం. తను ఘోషాసుపత్రికి వెళ్లింది. క్యూలో ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చినా, నేను డబ్బులు కట్టి తాగిన అదే గ్లూకోజ్ నీళ్లు తాగించి, అదే పరీక్ష ఉచితంగా చేశారు. డబ్బు లేదని ఈ పరీక్ష మానేవాళ్లు దయచేసి అక్కడికి వెళ్లండి.

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి నొప్పులు వచ్చేదాకా ఆగకుండా 39 వారాలకి నొప్పులు తెప్పిస్తామన్నారు. మార్చి 10, సోమవారం పొద్దున్న చేరాను. షుగర్ కేసు అని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి ఉన్నా, వార్డులో టిఫినుతో చక్కెర వేసిన పాలు తెచ్చి పెట్టారు. ఆసుపత్రిలోనే ఇలా జరగడం నాకు చాలా బాధ అనిపించింది. మీ తిండి ఇంటి నుంచి వచ్చేలా చూసుకోండి. రాత్రంతా నొప్పులు పడి, మధ్యమధ్య షుగర్ చూపించుకుంటూ, మర్నాడు తెల్లవారి 5 దాటాక మామూలు కాన్పే అయింది. బాబు 3.1 కిలోలు.

గంట తిరగకముందే వాడి మడమ పొడిచి షుగర్ చూశారు. 38. నర్సు వెంటనే డబ్బా పాలు పట్టేద్దాం అంది. నాకు చేతులు వణికాయి. పిల్లల డాక్టరు గారు వచ్చి, బాబు చురుగ్గానే ఉన్నాడు, ముందు తల్లి పాలు పట్టండి అన్నారు. రొమ్ము సరిగ్గా పట్టుకోలేకపోతుంటే అమ్మ, ఇంకో నర్సు కలిసి ముర్రుపాలు ఉగ్గుగిన్నెలోకి పిండి బొట్టు బొట్టుగా పోశారు. గంట తర్వాత 51. ఆ తర్వాత 58, 63. మర్నాటి దాకా ప్రతి పాలకి ముందు చూశారు, మళ్లీ పడలేదు. ఈ 38 గురించి ముందే తెలిసి ఉండటం వల్ల నిలబడగలిగాను. తెలియనివాళ్లకి ఆ గంట నరకం.

నా ఇన్సులిన్ మాయ పడిన వెంటనే ఆపేశారు. మర్నాడు పరగడుపున 84. థైరాయిడ్ మాత్ర మొదటి డోసుకి తగ్గించారు. మూడు రోజులు నిండాక బాబు మడమ నుంచి థైరాయిడ్ పరీక్షకి రక్తం తీశారు, వారంలో మామూలుగానే ఉందని వచ్చింది. ఆసుపత్రి బిల్లు 70 వేలు దాటింది.

ఇంటికి వచ్చాక నన్ను కుదిపేసింది షుగర్ కాదు, ఏడుపు. పాలు సరిగ్గా పడటం నాలుగో రోజుకి గానీ మొదలవలేదు. షుగర్ ఉన్న తల్లులకి కాస్త ఆలస్యం కావచ్చట. ఆ సమయంలోనే, మాయ బయటికి వచ్చేశాక గర్భధారణ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. ఏ కారణమూ లేకుండా ఏడ్చేదాన్ని, బాబు నిద్రపోతున్నా ఏడ్చేదాన్ని. ఈ దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే తప్పకుండా రమ్మన్నారు డాక్టరమ్మ. నాకు పన్నెండో రోజు దాటాక తేలికైంది. రాత్రి ఒక పూట బాబును మా ఆయన చూసుకుని నన్ను నిద్రపోనివ్వడమే ఎక్కువ మేలు చేసింది.

బాలింత పత్యం విషయంలో కూడా కొన్ని సర్దుకున్నాం. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని అత్తగారి తరం నమ్మకం. పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లు కావాలని డాక్టరు చెప్పాక చెంబు నా మంచం పక్కనే పెట్టారు. బెల్లం కాయం రోజూ నిమ్మకాయంత తినమనే బదులు చెంచాడు చేశాం. పాలు పడతాయని తెప్పించబోయిన పాలసొర మానేసి నెత్తళ్లు, వెల్లుల్లి కారం, మునగాకు పప్పు పెట్టారు. ఎవరి మాటా పూర్తిగా తోసెయ్యలేదు, అందుకే ఇంట్లో గొడవలు రాలేదు.

ఏప్రిల్ 24న ఆఖరి పరీక్ష. ఈసారి పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఇంకోసారి రక్తం తీశారు. 88, 126. రెండూ మామూలే. టీఎస్‌హెచ్ 2.4, ఆ మాత్ర ఇంకా వాడుతున్నాను. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి మున్ముందు షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి, మళ్లీ గర్భం వస్తే మొదటి నెలల్లోనే చెప్పాలి అన్నారు. కాన్పు అయిపోయింది కదా అని ఈ ఆరు వారాల పరీక్షకి వెళ్లకుండా వదిలేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. చంటిబిడ్డతో రెండు గంటలు ల్యాబ్‌లో కూర్చోవడం కష్టమే. బయల్దేరే ముందు కడుపునిండా పాలిచ్చి, ఎత్తుకోవడానికి ఒక మనిషిని తోడు తీసుకుని, ఎండ ముదరకముందే 7 గంటలకల్లా వెళ్లండి. మా ల్యాబ్‌లో పాలివ్వడానికి వేరే గది ఉంది, అడిగితే తాళం తీసి ఇచ్చారు.